నాలుగు రూపాయల వడ్డీ

మన ఇళ్ళలో వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పరు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారు. వందకు నెలకు ఎన్ని రూపాయలన్నదే లెక్క. రూపాయి అయితే ధర్మవడ్డీ. రెండు రూపాయలు బజారు రేటు. మూడు రూపాయలకు తెచ్చారంటే ఆ ఇంట్లో ఏదో ఆపద వచ్చిందని చుట్టుపక్కలవాళ్ళు అనుకుంటారు. ఐదు రూపాయలకు తెస్తానంటే పెద్దవాళ్ళు అడ్డుపడతారు. ఈ లెక్క బడి మొహం చూడనివాళ్ళకు కూడా తెలుసు.

మీ క్రెడిట్ కార్డు బాకీని ఒక్కసారి ఈ లెక్కలో పెట్టి చూడండి. బిల్లులో మిగిల్చిన బాకీ మీద మన బ్యాంకులు సాధారణంగా నెలకు 3.5 నుంచి 3.75 శాతం వడ్డీ వేస్తాయి. తక్కువదే తీసుకుందాం, మూడున్నర రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 63 పైసలు. మొత్తం నాలుగు రూపాయల పదమూడు పైసల వడ్డీ. పైగా అది బారువడ్డీ కాదు, నెలనెలా తిరిగే చక్రవడ్డీ.

ఫైనాన్స్ వ్యాపారి దగ్గర నాలుగు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చిన మనిషికి రాత్రి కంటి మీద కునుకు ఉండదు. ఎప్పుడు తీర్చేద్దామా అని తిరుగుతాడు, ఉన్నదేదో అమ్ముతాడు, అన్నదమ్ముల్ని అడుగుతాడు. అదే మనిషి కార్డు మీద అదే రెండు లక్షలు, అదే వడ్డీకి, ఏళ్ళ తరబడి మోస్తుంటాడు. ఇంటి ముందుకు ఎవరూ వచ్చి నిలబడరు కాబట్టి, మినిమమ్ కట్టేశాం కాబట్టి, అది అప్పులా కనిపించదు. పాత కార్డు బాకీలు తీరకపోవడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే. ఈ అధ్యాయంలో నేను చెప్పేదంతా కలిపి ఒకే పని: నాలుగు రూపాయల వడ్డీకి ఉన్న అప్పును రూపాయి వడ్డీకి మార్చడం. అయితే దానికి ముందు రెండు పనులు జరగాలి. కార్డు వాడకం ఆగాలి. ఇంట్లోవాళ్ళకు విషయం తెలియాలి. ఈ వరుస తప్పితే అప్పు రెండింతలవుతుంది.

ప్రభుత్వమో కోర్టో ఈ వడ్డీని తగ్గిస్తుందని ఎదురుచూసే పని పెట్టుకోకండి. కార్డుల మీద ఏడాదికి 30 శాతం మించి వసూలు చేయడం అన్యాయ వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఆ తీర్పు నాకు బాధ కలిగించింది. కానీ అప్పుల్లో ఉన్నవాళ్ళు దాన్నుంచి తెలుసుకోవలసింది ఒకటుంది: ఆ రేటు తగ్గదు. అక్కడి నుంచి బయటికి రావలసింది మనమే.

మినిమమ్ డ్యూ చేసే పని

ఇక్కడ కొంచెం ఓపిగ్గా లెక్క చూడండి, వీలైతే కాగితం దగ్గర పెట్టుకోండి. రెండు లక్షల బాకీ ఉందనుకుందాం. ఈ నెల వడ్డీ 7,000, జీఎస్టీ 1,260. బిల్లు 2,08,260కి చేరుతుంది. మినిమమ్ డ్యూ లెక్క బ్యాంకును బట్టి మారుతుంది. ఐదు శాతం అనుకుంటే 10,413 రూపాయలు. మీరు ఆ డబ్బు గడువులోగా కట్టేశారు. అందులో 8,260 వడ్డీకి, పన్నుకి పోయింది. అసలులో తగ్గింది 2,153 రూపాయలు.

వచ్చే నెల బాకీ కొంచెం తగ్గింది కాబట్టి మినిమమ్ కూడా కొంచెం తగ్గుతుంది. ఇది చూసి ఊరట కలుగుతుంది. ప్రమాదం ఆ ఊరటలోనే ఉంది. కార్డు మీద కొత్తగా ఒక్క రూపాయి వాడకుండా, ప్రతి నెలా బిల్లులో అడిగినంత మినిమమ్ మాత్రం కడుతూ పోతే, రెండు లక్షలు లక్షకు దిగడానికి 64 నెలలు పడుతుంది. ఐదేళ్ళు దాటిపోతాయి. ఆలోగా మీరు కట్టిన సొమ్ము సుమారు 4 లక్షల 83 వేలు. ఇంకా లక్ష బాకీ మిగిలే ఉంటుంది.

మినిమమ్ కడితే ఆలస్య రుసుము పడదు, సిబిల్ రిపోర్టులో మచ్చ రాదు. అది చేసే మేలు అంతవరకే. మినిమమ్ కట్టినా బాకీ పెరుగుతూ పోయేలా లెక్క పెట్టకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 నిబంధనల్లో చెప్పింది. అప్పు పెరగకపోవడం వేరు, తీరడం వేరు.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేద్దాం. మొదటి నెల కట్టిన 10,413 రూపాయలనే పట్టుకుని, తర్వాతి బిల్లుల్లో మినిమమ్ ఎంతకు తగ్గినా పట్టించుకోకుండా, ప్రతి నెలా అంతే కట్టండి. 39 నెలల్లో అప్పు మొత్తం తీరిపోతుంది. మీ జేబు మీద మొదటి నెల కంటే ఒక్క రూపాయి కూడా ఎక్కువ భారం పడలేదు. నెలకు 15,000 కట్టగలిగితే 20 నెలలు చాలు. అందుకే రేపు ఉదయం చేయాల్సిన మొదటి పని ఇది: ఈ నెల మీరు కడుతున్న మొత్తాన్ని ఒక చోట రాసుకోండి. ఇక మీదట అది పెరగవచ్చు గానీ తగ్గకూడదు.

అదే రెండు లక్షలను రూపాయి వడ్డీకి మార్చి, అదే 10,413 కడితే 22 నెలల్లో పూర్తవుతుంది. కార్డు మీదే ఉంచి 39 నెలలు కట్టినప్పుడు వడ్డీ, పన్ను కింద పోయేది సుమారు 2 లక్షల 5 వేలు. రూపాయి వడ్డీకి పోయేది సుమారు 23 వేలు.

కార్డు ఆపడం అంటే

కార్డును కత్తిరించి పారేస్తే ఆగిపోయిందనుకుంటారు చాలామంది. ఇప్పుడు కార్డు ప్లాస్టిక్ ముక్కలో లేదు. కొనుగోలు యాప్‌లలో, సినిమా యాప్‌లలో, క్యాబ్ యాప్‌లలో భద్రంగా దాచి ఉంది. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలొచ్చింది కాబట్టి, టీ బడ్డీ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినా అప్పే పెరుగుతుండవచ్చు. ముందు ఆ లింకు తీసేయండి. యాప్‌లలో దాచిన కార్డులు తొలగించండి. నెలనెలా కార్డు నుంచి వాటంతటవే వెళ్ళిపోయే చెల్లింపులు, ఓటీటీ, బీమా, కరెంటు బిల్లు వంటివి, సేవింగ్స్ ఖాతాకు మార్చండి. ఆపైన బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి ఆన్‌లైన్, కాంటాక్ట్‌లెస్, విదేశీ వాడకం మీటలన్నీ ఆపేయండి. ఆ మీటలు ఖాతాదారు చేతికి ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2020లోనే ఆదేశించింది. లిమిట్ కూడా తగ్గించమని అడగండి.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే, బాకీ మిగిలి ఉన్న కార్డు మీద కొత్త కొనుగోళ్ళకు గడువు ఉండదు. 45 రోజులో 50 రోజులో వడ్డీ లేని కాలం అనేది గత బిల్లు పూర్తిగా కట్టినవాళ్ళకే. మీరు కొంత మిగిల్చి ఉంటే, ఈ సాయంత్రం కొన్న కిరాణా సరుకుల మీద ఈ సాయంత్రం నుంచే నాలుగు రూపాయల వడ్డీ మొదలవుతుంది. రివార్డు పాయింట్ల కోసం వాడుతున్నామనే మాటకు అప్పుడు అర్థం లేదు.

ఇక ఊరూరా పాకిపోయిన జాడ్యం ఒకటుంది, కార్డు గీకించడం. ఒక దుకాణం అతను మీ బిల్లు తన డబ్బుతో కట్టేస్తాడు. లిమిట్ తిరిగి రాగానే తన మెషీన్ మీద కార్డు గీకి, తన డబ్బు, పైన నూటికి రెండో రెండున్నరో కమిషన్ తీసుకుంటాడు. మీ బాకీ ఇంకో నెల ముందుకు జరిగింది. వడ్డీ నాలుగు రూపాయల పైన, కమిషన్ రెండున్నర కాబట్టి ఇది లాభమే అనిపిస్తుంది. తెలివైనవాళ్ళు కూడా ఈ లెక్క దగ్గరే పడిపోతారు. ఇందులో అసలు ఒక్క రూపాయి తగ్గదు. కమిషన్ కూడా కార్డు మీదే పడుతుంటే రెండు లక్షలు ఏడాది తిరిగేసరికి 2 లక్షల 69 వేలకు చేరతాయి. సరుకు లేకుండా గీకించడం కార్డు షరతులకు విరుద్ధం కాబట్టి బ్యాంకు పసిగట్టిన రోజున కార్డు ఆగిపోతుంది. నాలుగు కార్డులు ఒకదాని మీద ఒకటి నిలబెట్టిన మనిషికి ఒకటి ఆగితే నాలుగూ అదే నెలలో మీద పడతాయి. ఇప్పటికే ఈ తిరుగుడులో ఉన్నవాళ్ళు, వచ్చే నెల గీకించకుండా మినిమమ్‌లు మాత్రం కట్టుకుని, ఈ అధ్యాయంలో తర్వాత చెప్పే దారికి రండి. ఒక నెల వడ్డీ ఎక్కువ పడుతుంది. పడనివ్వండి.

ఇంట్లో చెప్పడం

అన్నిటికంటే కష్టమైనది ఇది. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు, బండి కిస్తీ అన్నీ ఇద్దరూ కలిసి మాట్లాడుకునే ఇళ్ళలో కూడా కార్డు బాకీ ఒక్కరి ఫోన్‌లోనే ఉండిపోతుంది. మొదట చిన్నది కదా, తీర్చేశాక చెబుదాం అనుకుంటారు. పెద్దదయ్యాక చెప్పడానికి నోరు రాదు. దాచడానికి ఇంకో కార్డు, దాన్ని దాచడానికి లోన్ యాప్. తెలంగాణలో 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు మనం చదివాం. ఆ యాప్‌లవాళ్ళ చేతిలో ఉన్న ఆయుధం పరువే. అప్పు సంగతి ఇంట్లో ముందే తెలిసిన మనిషి మీద ఆ ఆయుధం పనిచేయదు.

చెప్పేటప్పుడు సగం చెప్పకండి. ముందు కూర్చుని అన్ని కార్డుల తాజా స్టేట్‌మెంట్లు తీయండి. ఏ కార్డు మీద ఎంత, ఈఎంఐలుగా మార్చినవి ఎంత, యాప్‌ల బాకీ ఎంత, స్నేహితుల దగ్గర చేబదులు ఎంత, అన్నీ ఒకే కాగితం మీద రాయండి. పిల్లలు పడుకున్నాక ఆ కాగితం భార్య ముందు పెట్టి, ‘మొత్తం ఇంత. నీకు చెప్పకుండా దాచాను. ఇందులో రాయనిది ఒక్క రూపాయి కూడా లేదు’ అనండి. అప్పు చేసింది భార్య అయితే భర్త దగ్గర, పెళ్ళి కాని కుర్రవాడైతే నాన్న దగ్గర, అదే మాట. కోపం వస్తుంది, ఏడుపు వస్తుంది. రావాలి కూడా. ఆ రాత్రే బంగారం సంగతి ఎత్తకండి. రెండు రోజులు పోనివ్వండి.

బంగారం విషయంలో నాకు ఖచ్చితమైన అభిప్రాయం ఉంది. పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు స్త్రీధనం, చట్టం దృష్టిలో ఆవిడ సొంత ఆస్తి. కాబట్టి అడగడం వేరు, తీసుకోవడం వేరు. ఆవిడ వద్దంటే ఇంకో దారి చూసుకోవాలి. ఒప్పుకుంటే మాత్రం మన ఇళ్ళలో నాలుగు రూపాయల వడ్డీని రూపాయికో, అంతకంటే తక్కువకో దింపగలిగే అతి సులువైన దారి అదే. బ్యాంకుకే వెళ్ళండి, తాకట్టు కొట్టుకు కాదు. ఇద్దరూ కలిసి వెళ్ళండి. రోజూ వేసుకోని నగలుంటే కొంత అమ్మేయడం తాకట్టు కంటే మంచిదని కూడా చెబుతాను. మనసొప్పకపోతే బలవంతం లేదు.

ఒక్క షరతు. కార్డు పూర్తిగా ఆగి కనీసం రెండు బిల్లులు గడిచాకే బంగారం బ్యాంకుకు వెళ్ళాలి. నగలు తాకట్టు పెట్టి కార్డులు సున్నా చేసి, ఖాళీ అయిన లిమిట్ చూసి మళ్ళీ వాడేసిన కుటుంబాలకు చివరికి తాకట్టూ మిగులుతుంది, కార్డు బాకీ కూడా మిగులుతుంది. మరొకటి: బంగారం రుణాలు చాలావరకు ఏడాది చివర ఒక్కసారే కట్టేలా ఉంటాయి. ఏడాది కదా అని ఊరుకుంటే చివరికి వడ్డీ కట్టి తిరగరాయించడమో, వేలం నోటీసో. కార్డుకు కడుతున్న మొత్తమే ప్రతి నెలా బంగారం ఖాతాలో జమచేయండి.

బంగారం లేనివాళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద, ఎల్ఐసీ పాలసీ మీద, పీపీఎఫ్ మీద రుణం చూడండి. ఇవన్నీ రూపాయికి అటూ ఇటూగానే ఉంటాయి. నాలుగు రూపాయలకు అప్పు పెట్టుకుని, ఆరేడు శాతం వచ్చే డిపాజిట్‌ను అత్యవసరానికని దాచుకోవడం నష్టం. కొంత ఉంచుకుని మిగతాది తీసి కార్డుకు కట్టేయండి. చీటీ కడుతున్నవాళ్ళు సగం నెలలు దాటాక పాట తక్కువలో వస్తే పాడుకోవచ్చు. మొదటి నెలల్లోనే ఆత్రంగా ఎక్కువ తగ్గించి పాడితే అది కూడా పెద్ద వడ్డీయే.

జీతం ఉన్నవాళ్ళకు పర్సనల్ లోన్ ఉంది, బాకీని ఈఎంఐలుగా మార్చమని కార్డు ఇచ్చిన బ్యాంకునే అడిగే వీలూ ఉంది. ఇక్కడ ‘ఫ్లాట్’ అనే మాట వినిపిస్తే ఆగండి. నెలకు ఒక శాతం ఫ్లాట్, 24 నెలలు అంటే రూపాయి వడ్డీలా వినిపిస్తుంది. రెండు లక్షలకు నెలకు 10,333 కడతారు. అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రెండు లక్షల మీదే వేస్తారు కాబట్టి నిజంగా పడేది దాదాపు రూపాయి ఎనభై పైసలు. అయినా నాలుగు కంటే నయమే. తెలిసి తీసుకోండి.

ఏ అప్పూ పుట్టకపోతే ఉన్న కార్డులనే ఒక్కొక్కటిగా మూయాలి. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు కట్టాలా, చిన్న బాకీ ముందు కట్టాలా అని పుస్తకాల్లో వాదనలుంటాయి. మన కార్డులన్నిటి వడ్డీ మూడున్నర, మూడుముప్పావు దగ్గరే తిరుగుతుంది కాబట్టి ఆ వాదన ఇక్కడ అక్కర్లేదు. అన్నిటికీ మినిమమ్ కట్టి, మిగిలిందంతా అతి చిన్న బాకీ మీద వేయండి. ఒక కార్డు పోతే కట్టాల్సిన తేదీ ఒకటి తగ్గుతుంది, ఆ డబ్బు రెండో దానికి చేరుతుంది.

కట్టలేని స్థితికి వచ్చినవాళ్ళకు

ఉద్యోగం పోయి, జబ్బు చేసి, మినిమమ్ కూడా ఆగిపోయినవాళ్ళు ముందు భయం తగ్గించుకోవాలి. కార్డు బాకీ కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. దానికే జైల్లో పెట్టరు. చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే మాత్రం కేసు అవుతుంది, కాబట్టి ఖాతాలో డబ్బు లేకుండా ఎవరికీ చెక్కులు ఇవ్వకండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, బంధువులకూ స్నేహితులకూ చేసి పరువు తీయకూడదు. ఇవి రిజర్వ్ బ్యాంక్ ఆదేశాలు. కాల్ వివరాలు రాసుకుని ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. వివరాలు 14448 నంబరులో అడగవచ్చు.

సెటిల్‌మెంట్ అంటూ సగానికో ముప్పావుకో ముగిస్తామని బ్యాంకు ముందుకు వస్తుంది. దారి లేనప్పుడు ఒప్పుకోవచ్చు. కానీ సిబిల్‌లో అది ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడుతుంది, తర్వాత ఇంటి రుణం దగ్గర అడ్డొస్తుంది. ఏజెంటు నోటిమాట మీద ఒక్క రూపాయి కట్టకండి. బ్యాంకు నుంచి లెటర్ వచ్చాక, కార్డు ఖాతాకే కట్టండి. లోక్ అదాలత్ నోటీసు వస్తే తప్పించుకోకుండా వెళ్ళండి. అక్కడ ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే అవకాశం దొరుకుతుంది.

ఈ అప్పు వల్ల బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, ముందు ఇంట్లో ఒకరికి చెప్పి, 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. కాగితం మీది లెక్కలన్నీ ఆ తర్వాతే.

బాకీ సున్నా అయ్యాక

ఆఖరి వాయిదా కట్టిన నెల తర్వాత ఇంకో చిన్న బిల్లు వస్తుంది. చివరి బిల్లుకు, మీరు కట్టిన తేదీకి మధ్య పడిన వడ్డీ అది. దాన్ని వదిలేస్తే మళ్ళీ పెరుగుతుంది. అది కూడా కట్టి, కార్డు మూసేయమని రాతపూర్వకంగా అడగండి. బాకీ లేని కార్డును 7 పనిదినాల్లో మూయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు ఇవ్వాలి. నో డ్యూస్ లెటర్ తీసుకుని దాచండి. రెండు నెలలాగి సిబిల్ రిపోర్టు తీయండి. ఏడాదికోసారి ఉచితంగా ఇస్తారు. అందులో ఇంకా బాకీ చూపిస్తుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి.

అన్నీ మూసేయాలా, ఒకటి ఉంచుకోవచ్చా అని అడుగుతారు. ఏళ్ళ తరబడి ఈ బాకీ మోసినవాళ్ళు కనీసం ఒక ఏడాది ఏ కార్డూ లేకుండా గడపాలన్నది నా మాట. కార్డుకు కట్టిన మొత్తమే ఆ ఏడాదంతా రికరింగ్ డిపాజిట్‌కు వెళ్ళాలి. ఆ తర్వాత కూడా అవసరమనిపిస్తే, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే చిన్న లిమిట్ కార్డు ఒకటి తీసుకోండి. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు రెండు గళ్ళు కనిపిస్తాయి, ‘మినిమమ్ అమౌంట్ డ్యూ’ అని ఒకటి, ‘టోటల్ అమౌంట్ డ్యూ’ అని ఒకటి. రెండో దాని దగ్గర టిక్ పెట్టి, ఇంట్లో రెండో మనిషికి చూపించి, అప్పుడు సబ్మిట్ నొక్కండి.